నోరు మూసుకున్న చిలుక

ఏడు రాజ్యాల పొలిమేరలు ఒకచోట కలిసే స్ఫటికగిరి మీద శుకశాల ఉంది. మరకతాలు తాపడం చేసిన స్తంభాలు, ఎండ పడితే ఏడు రంగులు చిమ్మే గాజు గోపురం, నేలంతా పరిచిన వెన్నెలరాళ్ళు, వాటన్నిటి నడుమ ఆకాశానికి చేతులు చాచిన పగడపు చెట్టు! ఆ చెట్టుకు ఆకుల్లేవు, పూలు లేవు. ఎర్రని కొమ్మలు, కొమ్మకొక చిలుక. అంతే.

రాజులకు రహస్యాలెక్కువ. ఒకరికొకరు పంపుకునే కబురు దారిలో శత్రువు చెవిన పడిందా, కొంపలంటుకుంటాయి. అందుకే స్ఫటికగిరి వాళ్ళు చిలుకలను జంటలుగా పెంచుతారు. జంటలో ఒకటి కట్టుచిలుక. దాని చెవిలో కబురు చెబితే ఎవరికీ అర్థం కాని శబ్దాలుగా మార్చి పలుకుతుంది. వార్తాహరుడు ఆ శబ్దాలను వల్లె వేసుకుని, తను మోస్తున్నదేమిటో తనకే తెలియకుండా మోసుకుపోతాడు. రెండోది విప్పుచిలుక. అది పగడపు చెట్టు మీదే కూర్చుని, తన జంట కట్టిన శబ్దాలు వినగానే అసలు కబురు చెప్పేస్తుంది. ప్రతి జంటకూ ఒక పేరు, ప్రతి పేరుకూ ఒక కొమ్మ. ఏడుగురు రాజుల దగ్గరా ఆ చెట్టు నుంచి తుంచిన పగడపు రెమ్మలున్నాయి. రెమ్మను చేతబట్టి పేరు పిలిస్తే చాలు, ఎంత దూరాన ఉన్నా ఆ కొమ్మ మీది చిలుక గొంతు రెమ్మలోంచి వినిపిస్తుంది. ఇక్కడ కొమ్మ మీద ఏ చిలుక ఉంటే ఏడు రాజ్యాల్లోనూ ఆ గొంతే వినిపిస్తుందన్నమాట.

ఇంత పని ఇప్పుడు ఎవరి చేతిలో ఉందయ్యా అంటే, తరళుడి చేతిలో. శుకశాల పెద్ద శ్రవణభట్టు చెవులు మందగించి మంచం పట్టాక అతనే అన్నీ చూసుకుంటున్నాడు. తరళుడు పనిమంతుడే. చిలుకలను మచ్చిక చేయడంలో దిట్ట, చూడ్డానికి అందగాడు, మాట తీరు తెలిసినవాడు. ఉన్న జబ్బల్లా ఒకటే. తనతోపాటు విద్య నేర్చిన కువలయ పేరు వింటే అతనికి కడుపుమంట.

కువలయ పడవవాళ్ళ పిల్ల. చందనదుర్గం రాజకుమారి హరిచందన తన కోటకు ఒక చిలుకల నేర్పరి కావాలని కోరినప్పుడు శ్రవణభట్టు తరళుణ్ణి కాదని ఆమెను పంపాడు. పల్లకి వచ్చింది, మేళతాళాలు వచ్చాయి. కువలయ తన కట్టుచిలుకను భుజాన పెట్టుకుని కొండ దిగిపోతుంటే తరళుడు తలుపుచాటున నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఆ పల్లకిలో కూర్చోవలసినవాడు తనే అని అతని నమ్మకం.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. కువలయ జంట పేరు నీలోత్పలం. ఆమె విప్పుచిలుకకు ఒక పెంకితనం ఉంది. తన జంట నోట రాని శబ్దం ఒక్కటి వినబడినా సరే, టక్కున నోరు మూసుకుంటుంది. బతిమాలినా పలకదు, జామపండు పెట్టినా పలకదు. తరళుడు దొంగతనంగా ఆ చిలుక పక్కనే తన చిలుకను పెట్టి నీలోత్పలం విద్య అంతా నేర్పించాడు. నేర్పించి దానికి తన సొంత తెలివి ఒకటి జోడించాడు. తెలియని శబ్దం వస్తే ఆగకూడదు, దాటేసి పోవాలి. మధ్యలో ఖాళీ వస్తే అక్కడ ఒప్పే మాట ఏదో ఒకటి పెట్టి కబురు నున్నగా ముగించాలి. కువలయ కొండ దిగిన మర్నాడే ఆమె చిలుకను కొమ్మ మీంచి దించి మూలన పంజరంలో పెట్టి, తన చిలుకను నీలోత్పలం కొమ్మ ఎక్కించాడు. అంతకుముందు ఏ రాజూ నీలోత్పలాన్ని పిలిచి ఉండలేదు గనక ఏడు రాజ్యాల్లో ఎవరికీ తేడా తెలియలేదు. పైగా, “ఈ నీలోత్పలం ఎంత ధారాళంగా పలుకుతోందో!” అని రాజులు మెచ్చుకుంటుంటే తరళుడు పొంగిపోయేవాడు. ఆ మెప్పు కూడా కువలయ ఖాతాలోకే పోతోందని గుర్తొచ్చి వెంటనే కుళ్ళుకునేవాడు.

ఇదిలా ఉండగా మాంత్రికుడు ధూమ్రజటుడు చందనదుర్గాన్ని ముట్టడించాడు. రాజకుమారి అన్న, యువరాజు భద్రసింహుడు, సేనను సమకూర్చుకుని చెల్లెలిని విడిపించడానికి బయలుదేరి స్ఫటికగిరి దగ్గర మకాం వేశాడు. కొత్త పగడపు రెమ్మ ఒకటి తీసుకున్నాడు. ఆ ఉదయమే కోట నుంచి వార్తాహరుడు పడుతూ లేస్తూ వచ్చి శబ్దాలు అప్పజెప్పాడు. యువరాజు రెమ్మ పట్టుకుని నీలోత్పలాన్ని పిలిచాడు. తరళుడి చిలుక తడుముకోకుండా పలికింది.

“రాజకుమారి క్షేమం. యువరాజు సేనతో తూర్పు ద్వారం గుండా రావాలి. ద్వారం తెరిచి ఉంటుంది.”

భద్రసింహుడు ఆనందం పట్టలేక తన మెడలోని ముత్యాలహారం తీసి తరళుడి మెడలో వేశాడు. భేరీలు మోగాయి. సేన కదిలిపోయింది.

తరళుడు హారం సవరించుకుంటూ తిన్నగా మూలన ఉన్న పంజరం దగ్గరికి వెళ్ళాడు. కువలయ అక్కడ లేదు గనక ఆమె చిలుక దగ్గరైనా గొప్పలు పోవాలని అతని ఉబలాటం.

“చూశావా? యువరాజంతటివాడు స్వయంగా మెడలో వేశాడు. ఇదే నువ్వు కొమ్మ మీదుంటే ఏమయ్యేది? ఏదీ, నీ ప్రతాపం కూడా చూద్దాం” అంటూ వార్తాహరుణ్ణి పిలిచి మళ్ళీ అప్పజెప్పమన్నాడు.

“రాజకుమారి క్షేమం. యువరాజు సేనతో...” అని చిలుక నోరు మూసుకుంది.

“అదిగో! ఇదీ దీని వరస. ఇంకోసారి చెప్పవయ్యా.”

వార్తాహరుడు ఇంకోసారి చెప్పాడు. చిలుక మళ్ళీ అక్కడే ఆగింది. ఈసారి తరళుడు ఆ చోటును చెవి పెట్టి విన్నాడు. వార్తాహరుడి నోట పొందికైన శబ్దాల మధ్య సన్నగా ఒక కీచు వినబడింది.

“ఆ కీచేమిటి? నువ్వు కల్పించావా?”

“అయ్యో, నేనెందుకు కల్పిస్తానండీ! కోటలో చిలుక ఎలా పలికితే అలా పట్టుకొచ్చాను. కీచుమంటే కీచుమన్నాను. అదీ కబురే గదా అనుకున్నాను.”

ఆ కీచు తరళుడికి తెలుసు. చిలుకకు ఎక్కడైనా బాధ కలిగితే పెట్టే అరుపు అది. కువలయ తన చిలుకను ఈగ వాలనివ్వకుండా పెంచింది. దాన్ని ఎవరో హింసించారంటే కోట పడిపోయింది, కువలయ శత్రువుల చేతిలో ఉందన్నమాటే. ఆ తూర్పు ద్వారం తెరిచి ఉంచేది యువరాజు కోసం కాదు, యువరాజును మింగడానికి! తన చిలుక ఆ కీచును దాటేసి, కబురును నున్నగా చెప్పి, అంత సేననూ చావులోకి సాగనంపింది.

గబగబా తన చిలుకను దించి కువలయ చిలుకను కొమ్మ ఎక్కించాడు. ఎక్కించాక గానీ అసలు చిక్కు గుర్తురాలేదు. పగడపు రెమ్మకు ఒక గుణం ఉంది. మొదటిసారి పేరు పిలిచినప్పుడే అది చెట్టును అడుగుతుంది. ఆ తరవాత మళ్ళీ అడగదు. మొదట విన్న చిలుక గొంతునే తనలో దాచుకుని దానితోనే పలుకుతుంది. యువరాజు రెమ్మ తరళుడి చిలుకను దాచేసుకుంది. చెట్టు మీద ఎన్ని చిలుకలను మార్చినా దానికి తెలియదు. రెమ్మ మరిచిపోవాలంటే మొదటి చిలుకను కొమ్మ ఎక్కించినవాడే స్వయంగా దాన్ని ఉప్పునీళ్ళలో కడగాలి. అంటే తరళుడే వెళ్ళాలి.

శుకశాల గుర్రమెక్కి కొండ దిగాడు. సేన నడిచే రాజమార్గం చుట్టుదారి. అడ్డదారిన పొగలోయ ఉంది. ధూమ్రజటుడి మంత్రపు పొగ అక్కడ నేలకు అంటుకుని కదులుతూ ఉంటుంది. అందులో అడుగుపెట్టిన మనిషిని ఆపగలిగేదేదో అది కనిపెట్టి కళ్ళముందు చూపిస్తుంది. చూస్తూ నిలబడినవాడు మోకాళ్ళ దాకా, నడుం దాకా, చివరికి తల దాకా ఊబిలో దిగిపోతాడు. పిరికివాళ్ళకు పులులు కనబడ్డాయట, పేరాశగాళ్ళకు బంగారు గనులు కనబడ్డాయట.

తరళుడికి కువలయ కనబడింది. రత్నసింహాసనం, ముత్యాల గొడుగు, వింజామరలు. శ్రవణభట్టు వణికే చేతులతో ఆమె తలమీద శుకశాల పెద్దరికపు పాగా పెడుతున్నాడు. ఏడుగురు రాజులు లేచి నిలబడి నమస్కరిస్తున్నారు. వెనుక వరసలో, స్తంభం పక్కన, పళ్ళెం మోస్తూ తనే ఉన్నాడు!

గుర్రం గిట్టలు బురదలో దిగాయి. ఇంకొకడైతే నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేవాడే. తరళుడికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఛీ! ఈ వైభోగం చూడ్డానికా నేనింత దూరం వచ్చింది?” అని కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పక్కకు తిప్పుకుని, గుర్రాన్ని అదిలించాడు. అది గిట్టలు పెరుక్కుని ఒక్క దూకు దూకింది. పొగ అతని చుట్టూ తిరిగి తిరిగి ఇంకా గొప్ప గొప్ప దృశ్యాలు చూపింది. అతను కళ్ళు తెరిస్తే కదా! ఓర్వలేనితనం ప్రాణం కాపాడటం ఆ లోయ చరిత్రలో అదే మొదలు.

మధ్యాహ్నానికి చందనదుర్గం కనుచూపు మేరలోకి వచ్చింది. గంధపు రంగు రాతితో కట్టిన ఏడంతస్తుల బురుజులు, వాటిని చుట్టుకుని నల్లని పొగచారలు. తూర్పు ద్వారం నిజంగానే తెరిచి ఉంది. గుమ్మానికి మామిడాకుల తోరణం కూడా కట్టారు. యువరాజు సేన లోపలికి దూకడానికి సిద్ధంగా మైదానం అంచున బారులు తీరి ఉంది. తరళుడు గుర్రం దిగి, దుమ్ము కొట్టుకున్న మొహంతో భద్రసింహుడి ముందు పడ్డాడు.

“ప్రభూ, ఆగండి! ఆ కబురు అబద్ధం. ద్వారంలోకి వెళ్తే ఒక్కరూ తిరిగి రారు.”

“పొద్దున విప్పి చెప్పింది నీ శుకశాలే గదయ్యా?”

“విప్పింది నా చిలుక. కువలయ చిలుకను దించి నా చిలుకను ఎక్కించాను. నాది సరిగా విప్పలేదు.”

యువరాజు కనుబొమలు ముడిపడ్డాయి. “కువలయ మీద నీ అక్కసు సంగతి నా గుర్రపువాడికి కూడా తెలుసు. ఆమె కబురు పట్టుకుని నేను కోట గెలిస్తే ఆమెకు పేరొస్తుందని ఇప్పుడీ నాటకమా? అక్కడ నా చెల్లెలి ప్రాణాలు పోతుంటే నీ కుళ్ళుమోతుతనం కోసం నన్ను ఆపుతావా? పక్కకు తప్పుకో!”

కుళ్ళుమోతు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు మరి. తరళుడు చెయ్యి చాచి యువరాజు గుర్రాన్ని చూపించాడు.

“రెమ్మ తియ్యండి ప్రభూ. నీలోత్పలాన్ని పిలిచి, మీ గుర్రం సకిలింపు వినిపించండి.”

“వెర్రెత్తిందా నీకు?”

“ఒక్కసారి వినిపించండి. తరవాత నా తల తీసేసినా సరే.”

భద్రసింహుడు విసుగ్గా రెమ్మను గుర్రం మూతి దగ్గర పెట్టాడు. గుర్రం బెదిరి సకిలించింది. రెమ్మలోంచి తరళుడి చిలుక తియ్యగా, తొణక్కుండా పలికింది.

“యువరాజుకు శుభం. రాజకుమారి క్షేమం. సేనతో నిశ్చింతగా దయచేయండి.”

బారులో ఎవరో కిసుక్కున నవ్వి, అంతలోనే నవ్వు మింగేశారు. యువరాజు మొహం పాలిపోయింది. తరళుడి చెవులు సిగ్గుతో కాలిపోయాయి. ఇన్నాళ్ళూ రాజులు మెచ్చుకున్న ధారాళం ఇంతమంది ముందు బయటపడింది. వంటవాళ్ళ దగ్గర ఉప్పు తెప్పించి నీళ్ళలో కలిపి, రెమ్మను తన చేతులతో కడిగి, “నీలోత్పలమా!” అని పిలిచాడు. రెమ్మ చెట్టును అడిగింది. తరళుడు కబురు అప్పజెప్పాడు, కీచుతో సహా.

“రాజకుమారి క్షేమం. యువరాజు సేనతో...”

ఆ పైన నిశ్శబ్దం.

“ఈ చిలుక ఇంతే ప్రభూ,” అన్నాడు తరళుడు. అతి కష్టం మీద మిగతాది కూడా అన్నాడు. “తెలియనిది చెప్పదు. నా చిలుక కంటే ఇదే గొప్పది.”

భద్రసింహుడు ఇక ఆలస్యం చేయలేదు. మాంత్రికుడి బలమంతా తూర్పున పొంచి ఉంటే దక్షిణపు గోడ దగ్గర కాపలా పలచగా ఉన్నట్టే. కానీ సేన చుట్టూ తిరిగి అక్కడికి చేరేదాకా ధూమ్రజటుడు ఎర మింగారనే నమ్మాలి. ఎవరో ఒకరు యువరాజుగా తూర్పు ద్వారంలోకి వెళ్ళాలి. ఆ ఎవరో నేనే అని తరళుడు చెప్పేలోపే నెమలిపింఛం ఉన్న యువరాజు శిరస్త్రాణం అతని నెత్తికీ, బంగారు కవచం ఒంటికీ ఎక్కాయి. రౌతుల్లేని గుర్రాల తోకలకు ముళ్ళకంపలు కట్టి వెనకాల వదిలారు. లేచిన దుమ్ము మహాసేన నడిచొస్తున్నట్టు ఆకాశాన్ని కమ్మింది. ఆ దుమ్ము ముందు, బంగారు కవచం ధగధగలాడుతుండగా, తరళుడు తోరణం కింద నుంచి కోటలోకి దూసుకెళ్ళాడు. వెనక ఇనుపతలుపులు ధడేల్మని మూసుకున్నాయి.

ఎటు చూసినా ఈటెలు. గుర్రం మీంచి లాగారు, తాళ్ళతో బంధించారు. “యువరాజు దొరికాడు!” అని కేకలు పెట్టుకుంటూ బురుజు కింది చెరలోకి ఈడ్చి పడేశారు. శిరస్త్రాణం దొర్లి గోడకు కొట్టుకుంది.

మూలన గొలుసులతో కూర్చున్న మనిషి తల ఎత్తింది. చెదిరిన జుట్టు, ఎండిన పెదాలు, భుజాన ఒంటికాలి మీద నిలబడ్డ చిలుక. ఆమె కువలయ.

“తరళా! నువ్వా? యువరాజేడి? సేన వచ్చేసిందా ఈ ద్వారంలోకి?”

“రాలేదు. ఆపేశాం. కబురు అబద్ధమని తెలిసింది.”

కువలయ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తరవాత ఆత్రంగా అడిగింది. “నా చిలుక ఎక్కడ ఆగింది?”

“‘సేనతో’ అన్నాక.”

“ఆగిందా! నా తల్లే!” ఆమె ఏడుస్తూనే నవ్వింది. “ఆ జటలవాడు రాజకుమారి మెడ మీద కత్తిపెట్టి నా చేత కబురు కట్టించాడు తరళా. కట్టకపోతే ఆమెను చంపేస్తాడు, కడితే సేన చస్తుంది. అందుకని తూర్పు అనే మాట వచ్చేముందు దీని కాలివేలు నొక్కాను. పాపం, కీచుమంది. అక్కడ నా విప్పుచిలుక నోరు మూసుకుంటుందని నాకు తెలుసు. రాజకుమారి ప్రాణం, నా ప్రాణం దాని మీదే పెట్టాను.”

తరళుడు గోడకు జారగిలబడ్డాడు. అప్పుడైనా అతనికి ముందు పుట్టింది భయం కాదు, పశ్చాత్తాపం కాదు, అసూయే. తన చిలుకను నమ్మి ఎవరూ ఏనాడూ ప్రాణం పెట్టరు.

“నీ చిలుకను నేను దించేశాను కువలయా. నువ్వు వెళ్ళిన మర్నాడే. కొమ్మ మీద ఉన్నది నాది. అది ఆగలేదు. సేన బయలుదేరిపోయాక గానీ నీ చిలుకను అడగలేదు.”

గొలుసులు లేకపోతే కువలయ అతన్ని కొట్టేదే.

“అనుకున్నాను. రాజులంతా నా నీలోత్పలం ధారాళంగా పలుకుతోందని మెచ్చుకుంటుంటే, నా చిలుకకు అంత నోరెక్కడిదా అని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ మెప్పు నీ చిలుకదేమోనని అనుమానం వచ్చినా ఒప్పుకోలేక నేనూ కుళ్ళి చచ్చాను.”

చెర తలుపు బద్దలయ్యేలా తెరుచుకుంది. దక్షిణాన భేరీలు మోగుతున్నాయి. పాదాల దాకా వేలాడే పొగజడలతో, చేతిలో కత్తితో ధూమ్రజటుడు గుమ్మంలో నిలబడ్డాడు. నేల మీది శిరస్త్రాణాన్ని, తరళుడి మొహాన్ని మార్చి మార్చి చూశాడు.

“దుమ్ము చూపించి నన్ను మోసం చేస్తారా? ఆ కబురులో విషం కలిపింది ఎవరు? ఈ పిల్లేనా?”

తరళుడు కట్లతోనే లేచి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ పిల్లకంత తెలివెక్కడిది? నువ్వు చెప్పింది చెప్పినట్టు కట్టింది. స్ఫటికగిరిలో కూర్చుని నీ ఎత్తు కనిపెట్టినవాణ్ణి నేను. నా చిలుకను మించింది ఏడు రాజ్యాల్లో లేదు. చంపదలిస్తే నన్ను చంపు.”

మాంత్రికుడి కత్తి అతని మెడ మీదికి లేచింది. ఆ కత్తి దిగేదాకా నోరు మూసుకుని ఉంటే కువలయ బతికిపోయేదే.

“అబద్ధం!” అని వెనకనుంచి చెర దద్దరిల్లేలా అరిచింది కువలయ. “వాడి చిలుకకు గుర్రం సకిలింపుకీ కబురుకీ తేడా తెలియదు! చేసింది నేను! ఇదైనా నా పేరున ఉండనివ్వవా తరళా?”

గుర్రం సంగతి ఆమె ఎలా ఊహించిందో తరళుడికి అర్థం కాలేదు. “ఊరుకో, చేసింది నేనంటున్నాగా!” అని మండిపడ్డాడు. “నువ్వు ఊరుకో!” అని ఆమె గొలుసులు ఝళిపించింది. అవతల యువరాజు భేరీలు దగ్గరపడుతున్నా, ఎవరి మెడ మీద దించాలో తెలియక ధూమ్రజటుడి కత్తి ఇద్దరి మధ్యా గాల్లో ఆగిపోయింది.